మా ఆయన కాళ్ళూ, ఊరి బొటనవేళ్ళూ

మా ఆయన కాళ్ళు నొక్కి చూడనివాడు ముక్తేశ్వరం చుట్టుపక్కల ఎవడైనా ఉన్నాడంటే, వాడు ఆ రోజుల్లో ఊళ్ళో లేనివాడే అయ్యుండాలి.

నొక్కడమంటే కాళ్ళు పట్టడం కాదు. అదే అయితే నేనెందుకు అడ్డుపడతాను, పుణ్యం వస్తుంది పట్టనివ్వండి అని పక్కకు తప్పుకునేదాన్ని. ఇది వేరు. బొటనవేలు తెచ్చి మోకాలి కింద ఎముక మీద ఆనించడం, గట్టిగా అదమడం, తీసేసి, అక్కడ పడిన గుంట వంక చూసి "అబ్బో!" అనడం. ఆ గుంట ఎంతసేపటికి పూడుతుందో చూసి, పక్కవాడితో "మా పెదనాన్నకీ ఇలాగే పడేదండి" అనడం. ఆ పెదనాన్న ఏమయ్యాడో మాత్రం ఎవరూ చెప్పరు. మనమూ అడగకూడదు.

మా ఆయనకు గుండెలో ఒక కవాటం సరిగా మూసుకోవడం లేదన్నారు. తూములో తలుపు పాడైతే నీరు వెనక్కి తన్నినట్టు, ఒంట్లో నీరు నిలిచి కాళ్ళలోకి దిగింది. పడుకుంటే ఆయాసం, నాలుగడుగులు వేస్తే ఆయాసం. అమలాపురంలో ఆసుపత్రిలో చేర్చాం. అప్పటికి కాళ్ళు రెండూ ఉబ్బి, చర్మం బిగుసుకుపోయి, చెట్టున పండిన వంకాయల్లా నిగనిగలాడుతున్నాయి. పెళ్ళినాడు కూడా ఆ కాళ్ళకు అంత నిగారింపు లేదు.

డాక్టరుగారు కుర్రాయనే గాని మాట నిదానం. నన్ను పక్కకు పిలిచి అరటిపండు ఒలిచినట్టు చెప్పారు.

"ముందు మందులిచ్చి నీరు లాగాలండి. తర్వాత కాకినాడ పంపి కవాటం మార్పించాలి. కానీ మామ్మగారూ, ఈ కాళ్ళ మీద చర్మం చూసేరా, పల్చగా కాగితంలా ఉంది. ఎక్కడా చిట్లకూడదు. చిట్లి పుండు పడిందంటే క్రిములు రక్తంలోకి పోతాయి. కొత్త కవాటం వేసినా దాన్ని పట్టుకుని కూర్చుంటాయి. పుండున్నవాళ్ళని అక్కడ ఆపరేషన్ బల్ల ఎక్కించరండి."

"అంటే గుండె మీ వాటా, చర్మం నా వాటా అన్నమాట" అన్నాను.

"ఆయ్, అంతేనండి" అన్నారాయన.

నేను చదివింది అయిదో తరగతి. అదీ పూర్తిగా కాదు. కానీ ఒకరి వాటా ఇంకొకరు తొక్కకూడదని, మన వాటా మనం ఎండబెట్టుకోకూడదని తెలుసు. ఆ రోజునుంచి మా ఆయన చర్మం నా చేను.

చర్మం అనగానే మా సీమలో ఎవరికైనా తోచేది ఒకటే. పుట్టిన బిడ్డకైనా, పగిలిన మడమకైనా కొబ్బరినూనె. ఆసుపత్రి ఫ్యాను గాలికీ, ఆ సబ్బుకీ ఆయన ఒళ్ళంతా పొట్టు లేచి, గోళ్ళతో బరబరా గీరుకుంటున్నారు. గీరితే గాటు పడుతుంది, గాటు పడితే పుండు. అందుకని మర్నాడు పొద్దున్నే ఇంటినుంచి తెప్పించిన గానుగ నూనె తీసుకుని మెడనుంచి మడమ దాకా పట్టించాను. ఛాతీ మీద అంటించిన బిళ్ళలకు తీగలు తగిలించి ఉన్నాయి. వాటి చుట్టూ కూడా వదలకుండా శ్రద్ధగా రాశాను. ఆయన కళ్ళు మూసుకుని, అభ్యంగన స్నానానికి పీట మీద కూర్చున్న కొత్త పెళ్ళికొడుకులా రాయించుకున్నారు.

కాసేపటికి ఆ బిళ్ళలు ఒక్కొక్కటే జారి బొజ్జ మీదకొచ్చాయి. తలపక్కనున్న పెట్టెలో గీత తిన్నగా సాగిపోయి, పెట్టె కుయ్యోమని అరవడం మొదలెట్టింది. నర్సమ్మ చెప్పులు జారిపోతున్నా ఆగకుండా పరిగెత్తుకొచ్చింది.

"తాతగారూ! తాతగారూ!"

ఆయన కళ్ళు తెరిచి, "ఏంటమ్మా, ఇడ్లీ వచ్చిందా?" అన్నారు.

ఆ పిల్ల ఊపిరి పీల్చుకుని, ఆయన ఛాతీ మీద వేలితో రాసి చూసుకుని, నా వైపు తిరిగింది.

"ఏంటండి మామ్మగారూ, తాతగారిని వేపుడు చేద్దామనుకున్నారా?"

"చర్మం ఎండిపోతోందమ్మాయ్."

"చర్మం తడవాలండి, మనిషి ఊరగాయ అవకూడదు. మోకాళ్ళ కింద పల్చగా రాయండి, అది మంచిదే. వేళ్ళ సందుల్లో వద్దు, అక్కడ తడి నిలిస్తే చర్మం నాని పాసిపోతుంది. ఛాతీ జోలికి అసలు రాకండి. బిళ్ళలు ఊడితే ఆయన గుండె ఆగిందో, మీ నూనె గెలిచిందో నాకెలా తెలుస్తుందండీ?"

నా మనవరాలి వయసు పిల్ల. నన్ను మా అత్తగారి తర్వాత అంత మాట అన్నవాళ్ళు లేరు. కానీ తప్పేముంది అందులో? తుడిచి, సబ్బుతో కడిగి, కొత్త బిళ్ళలు అంటించింది. పాతవి అంటించినచోట ఎర్రగా దద్దుర్లు ఉంటే, ఆ చోటు వదిలి పక్కన అంటించింది. చేసే పని చూస్తే తెలిసిపోతుంది, ఆ పిల్లకు దుబారా లేదు. అందుకే చెప్పినట్టు విన్నాను. మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద దిండు పెట్టాలంది, పెట్టాను. వీపు, తుంటి, తోక ఎముక దగ్గర రోజూ చూడాలంది. అక్కడే వచ్చింది గొడవ. మా ఆయన నర్సమ్మ ముందు పక్కకు ఒత్తిగిల్లరట. సిగ్గట! జీవితమంతా గోచీతో కొబ్బరితోటల్లో తిరిగిన మనిషికి ఆసుపత్రిలో సిగ్గొచ్చింది. ఆ పిల్లను బయటికి పంపి నేనే చూసి, ఎర్రగా ఏమీ లేదని చెప్పేదాన్ని.

మొలతాడు దగ్గర ఇంకో పంచాయితీ. పొట్ట ఉబ్బి తాడు ఒంట్లోకి కోసుకుపోతోంది, తీసేద్దామంది నర్సమ్మ. ఆయన ససేమిరా అన్నారు. "బతికుండగా మగాడి మొలతాడు తీయడమేంటమ్మా!" అని. చివరికి నేనే పాత తాడు కోసి, దానికి పూల దండకు కట్టుకొచ్చిన దారం పేని ముడేసి, వదులు చేశాను. దారం పారేయకుండా కొంగున ముడేసుకున్నందుకు నన్ను అందరూ పిసినారి అంటారు. ఆ రోజు ఎవరూ అనలేదు.

ఇలా నా చేను నేను చూసుకుంటుండగా ఊరు దిగింది.

మా వైపు ఎవరైనా ఆసుపత్రిలో ఉంటే వెళ్ళి పలకరించడం పెళ్ళికి వెళ్ళడంకన్నా ముఖ్యం. పెళ్ళికి రాకపోతే భోజనం మిగిలిందనుకుంటారు. ఆసుపత్రికి రాకపోతే మాత్రం చచ్చేదాకా గుర్తు పెట్టుకుంటారు. వచ్చేవాళ్ళు ఉత్త చేతులతో రారు. కొబ్బరిబొండాలు. మా ఆయనకేమో రోజుకింత అని గ్లాసుతో కొలిచి నీళ్ళిస్తున్నారు. ఆ మంచం కింద చూస్తే లారీకి ఎత్తేటన్ని బొండాలు! పక్క మంచాలవాళ్ళకు పంచాను. నేను తాగాను. లేతకొబ్బరి ఒక్క పలుకు పోనివ్వలేదు.

వచ్చినవాళ్ళు ముందు "ఎలా ఉందండీ?" అంటారు. తర్వాత దుప్పటి తీస్తారు. తర్వాత బొటనవేలు.

వాళ్ళని అని ఏం లాభం, నొక్కించుకునే మనిషికే సరదా పుట్టింది. మా ఆయన మితభాషి. ఇంట్లో "ఊ" అంటే ఆ పూట మాట్లాడినట్టే లెక్క. అలాంటిది ఆ గుంట పడడం మొదలయ్యాక ఆయనకు నోరొచ్చింది.

"ఎడంకాలు మీద అంత బాగా పడదండి. ఇటు రండి, కుడికాలు చూడండి. ఆ, అక్కడ. కాస్త గట్టిగా. చూసేరా? ఇప్పుడు మనం ఊరుకుంటే అదే నెమ్మదిగా పూడుతుందండి."

"ఆయ్, నిజమేనండి! అరిసె మీద వేలు పెట్టినట్టు ఉందండి."

మా అల్లుడు గల్ఫ్‌లో ఉంటాడు. ఫోనులో బొమ్మ కనపడేటట్టు మాట్లాడుతూ, "మావయ్యగారూ, ఏదీ ఒకసారి నొక్కి చూపించండి" అన్నాడు. ఈయన ఫోను నా చేతికిచ్చి, కాలు ముందుకు చాపి, తన వేలితో తనే నొక్కుకుని చూపించారు. అక్కడ అల్లుడి గదిలో ఉండేవాళ్ళంతా మూగి చూశారట. సముద్రం దాటిన గుంట!

నాలుగు రోజులయ్యేసరికి ఆ కాళ్ళ మీద నల్లగా, నీలంగా మచ్చలు తేలాయి. గోడకు కొట్టిన పిడకల మీద వేళ్ళ అచ్చుల్లా వరసగా ఉన్నాయి. నర్సమ్మ దుప్పటి తీసి నిలబడిపోయింది.

"ఇవేంటండి?"

"ఊరి మర్యాద" అన్నాను.

"రక్తం పల్చబడే మందులు వేస్తున్నాం కదండి, వేలు ఆనితే కమిలిపోతుంది. ఇదిగో, ఇక్కడ చూడండి, నీటి పొక్కు లేచింది. ఇది పగిలిందంటే కాకినాడ ప్రయాణం ఆగిపోతుందండి, చెప్తున్నాను."

కుడికాలు ముందు వైపు, ద్రాక్షపండంత పొక్కు. పైన పొర ఎంత పల్చగా ఉందంటే లోపల నీరు కదలడం కనిపిస్తోంది. దాన్ని చూశాక నాకు అన్నం సయించలేదు.

ఆ పూటనుంచి నేను మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నా మాట ఊళ్ళో ఎవరూ దాటరు. చెరువుగట్టున బాతులు నన్ను చూసి వరసలో నడుస్తాయని మా ఆయన వెక్కిరిస్తారు. కానీ మర్యాదస్తులను ఆపడం బాతులను ఆపినంత సుళువు కాదు.

"నొక్కకూడదన్నారు."

"అయ్యయ్యో, నొక్కనండీ, ఊరికే చూస్తానండి" అంటూనే వేలు అక్కడుంటుంది.

"చూడ్డానికి కళ్ళుండగా వేలెందుకు?"

"ఆయ్, నిజమేనండి" అని వేలు తీసి, ఇంకోచోట పెడతారు.

నేను అటు తిరిగితే చాలు, మా ఆయనే దుప్పటిలోంచి మెల్లిగా కాలు బయటికి చాపుతారు, అంగడిలో సరుకు సర్దినట్టు.

ఇలా ఉండగా వియ్యంకుడుగారు వచ్చారు. మా అమ్మాయి మావగారు. ఆత్రేయపురం వైపు మనిషి. కొబ్బరికాయల వ్యాపారం. కాయను అరచేతిలో ఆడించి, గోటితో కొట్టి, లోపల నీరెంత, కొబ్బరెంత, కుళ్ళుందా లేదా చెప్పేస్తారు. ఆ వేలికి కోనసీమంతా పేరు. తెల్లటి పంచె, తెల్లటి లాల్చీ, చేతిలో పూతరేకుల పెట్టె.

"ఏం బావగారూ, పనెగ్గొట్టి ఇక్కడ పడుకున్నారా?" అన్నారు గుమ్మంలోనే.

"మీరు వచ్చి పలకరిస్తారని పడుకున్నానండి. బాగుంటే వస్తారా మీరు?" అన్నారు మా ఆయన.

"చెల్లెమ్మగారూ, చూసేరా, గుండె పాడైనా నోరు పాడవలేదు."

"అదొక్కటే కొత్తగా బాగుపడిందండి అన్నయ్యగారూ" అన్నాను.

పూతరేకుల పెట్టె అందుకున్నాను. అట్టపెట్టె గట్టిది, దారం కూడా మంచిది. ఆయన కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. అప్పటికే నా గుండె దడదడలాడుతోంది. డాక్టరుగారు ఆ గీతల పెట్టె నాకు తగిలిస్తే బాగుండేది.

"మా అబ్బాయి ఫోనులో చూసేనన్నాడు, ఏదో గుంట పడుతోందంట. ఏదండి బావగారూ?"

మా ఆయన కాలు అప్పుడే బయట ఉంది.

ఊరందరినీ కాదనగలను. ఊళ్ళోవాడు కోపమొస్తే పోయి ఇంట్లో కూర్చుంటాడు. కానీ పిల్లనిచ్చినచోట మావగారిని, "వేలు పెట్టకండి" అని ఎలా అంటాను? పెళ్ళిలో ఆయన అలకపాన్పు ఎక్కితే బతిమాలి దింపినవాళ్ళం. ఇప్పుడు కాలు ముట్టుకోవద్దంటే మళ్ళీ ఏ పాన్పు ఎక్కుతారో! చెయ్యి ఖాళీగా ఉంటేనే కదా అనుకుని, ఫ్లాస్కులో కాఫీ గ్లాసులో పోసి, "ముందు కాఫీ తీసుకోండి అన్నయ్యగారూ" అని చేతిలో పెట్టేశాను.

ఆయన గ్లాసు ఎడంచేత్తో అందుకున్నారు. కుడిచెయ్యి ఖాళీయే.

"ఇక్కడేనా అండీ?" అని కాయ మీద ఆనించినట్టే ఆనించారు. సరిగ్గా పొక్కు అంచున.

పొక్కు చిట్లింది. లోపలి నీరు చిమ్మి ఆయన లాల్చీ చేతి మీద పడింది. కాలు మీద ఎర్రగా, తడిగా, రూపాయి బిళ్ళంత పచ్చి మాంసం. మా ఆయన "అబ్బా" అనలేదు. వియ్యంకుడుగారి ముఖం చూసి, "ఏం లేదులెండి బావగారూ, పెద్దగా తెలియలేదు" అన్నారు. మర్యాద చూడండి!

నర్సమ్మ వచ్చింది. ఆయన ఎవరో ఆ పిల్లకు తెలియదు.

"ఎవరండీ నొక్కింది?"

"నేనేనమ్మా" అన్నారు వియ్యంకుడుగారు, చేతిలో కాఫీ అలాగే ఉంది.

"ఇంత వయసొచ్చింది, చిన్నపిల్లాడు పిండిలో వేలు పెట్టినట్టు పెట్టడమేంటండీ? అది మనిషి కాలండి!"

నాకు ఒళ్ళు చల్లబడింది. ఎక్కడో ఒక మూల, అబద్ధమెందుకు, కాస్త చల్లగానూ ఉంది. ఆ మాట నేను అనలేకపోయాను కదా.

డాక్టరుగారు వచ్చి చూసి, కాకినాడకు ఫోను చేశారు. ప్రయాణం ఆగిపోయింది. పుండు మానాలి, చీము పట్టకూడదు, ఆ తర్వాతే. "ఎన్నాళ్ళు ఆగచ్చండీ?" అని అడిగితే, "ఎక్కువ ఆగకూడదండి, కవాటం ఆగనివ్వదు" అన్నారు. నర్సమ్మ పుండు కడిగి, మందు గుడ్డ వేసి, చుట్టూ ఎర్రదనం ఎంతవరకు ఉందో పెన్నుతో కాలు మీదే గీత గీసింది.

"ఎరుపు ఈ గీత దాటితే నన్ను పిలవండి మామ్మగారూ. దాటకపోతే అదృష్టం."

అన్నాళ్ళూ పెట్టెలో గీత చూసి భయపడేదాన్ని. అప్పటినుంచి ఆ గీత మానేసి ఈ గీత పట్టుకున్నాను.

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకే వియ్యంకుడుగారు దిగారు. అదే లాల్చీ కాదు, పాతది. చేతిలో పొట్లం. ఇంటి పెరట్లో పండిన పసుపు, స్వయంగా దంచి తెచ్చారట. పుండు మీద పెడదామని. నాకూ మనసులో అదే ఉంది, నిజానికి. నర్సమ్మ చూడనే చూసింది.

"అది కూరలో వేసుకోండి మామ్మగారూ, కాలు మీద కాదు."

అలాగే కూరల్లో వేశాను. మంచి పసుపే, పప్పుకు రంగొచ్చింది.

వియ్యంకుడుగారు వెళ్తారనుకున్నాను. వెళ్ళలేదు. స్టూలు గుమ్మం దగ్గర వేసుకుని కూర్చున్నారు. ఆ పూట మొదటగా వచ్చింది మా ఆయన పినతల్లి కొడుకు. ఈయన లేచి నిలబడ్డారు.

"రండి, కూర్చోండి. చేతులు వెనక్కి పెట్టుకోండి."

"అదేంటండీ?"

"గుళ్ళో గర్భాలయంలోకి వేలు పెడతారా మీరు? ఇదీ అంతే. బయటినుంచి దణ్ణం పెట్టుకుని వెళ్ళండి."

అలా రోజూ. మొదటి బస్సుకు రావడం, ఆఖరి బస్సుకు పోవడం. వ్యాపారం తమ్ముడికి అప్పగించారట. నేను అన్ని రోజులు అరిచినా వినని జనం, ఆయన ఒక్క మాటకు చేతులు వెనక్కి కట్టుకున్నారు. అమ్మాయి మావగారు కదా, ఎదురుచెప్పడానికి వాళ్ళకూ మర్యాద అడ్డమే. ఏ మర్యాద కొంప ముంచిందో ఆ మర్యాదే కాపలా కాసింది.

ఊరికే చేతులు కట్టుకుని కూర్చుంటే ఏం ప్రయోజనమని నేను ఇంకోటి మొదలెట్టాను. బొండాలు వద్దు, ఇంట్లో అరిగిపోయిన నూలు పంచెలుంటే ఉతికి తెమ్మన్నాను. మడమల కిందా, మోకాళ్ళ మధ్యా పెట్టడానికి మెత్తటి గుడ్డ చుట్టలు కావాలి. వేడినీళ్ళలో మరిగించి ఎండబెట్టినవైతే సరేనంది నర్సమ్మ. వచ్చిన ప్రతివాడి చేతిలో ఒక పంచె పెట్టి, చింపి చుట్టండి అనేదాన్ని. చేతికి పనుంటే వేలు తిన్నగా ఉంటుంది. మా ఊరి పెద్దమనుషులంతా అమలాపురం ఆసుపత్రిలో కూర్చుని పర్రుపర్రున పంచెలు చింపారు.

అందరిలో ఒక్కరికే నచ్చలేదు, మా ఆయనకు.

"ఇదివరకు ఎంత సరదాగా ఉండేది! ఇప్పుడు ఎవడొచ్చినా గుడ్డలు చింపుకుంటున్నాడు. నా మొహం చూసేవాడు లేడు."

"మీ మొహం చూడ్డానికి అంత దూరంనుంచి ఎవరొచ్చేరు? కాలు చూడ్డానికొచ్చేరు" అన్నాను.

"నా కాలు నా ఇష్టం."

"చర్మం నా వాటా."

ఒకరోజు మధ్యాహ్నం గుడ్డ మార్చినప్పుడు చూస్తే ఎరుపు గీతను తాకి ఉంది. ఒకచోట దాటిందా, లేదా అన్నట్టుంది. అక్కడ చెయ్యి దగ్గరగా పెడితే వేడి. నర్సమ్మను పిలిచాను. డాక్టరుగారు వచ్చి మందు మార్చి, చేతికి సూదితో ఎక్కించారు. మా ఆయన నిద్రపోతున్నారు. గుమ్మం దగ్గర వియ్యంకుడుగారు లేచి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, వంగి, ఆ గీత వంక చాలాసేపు చూశారు.

"చెల్లెమ్మగారూ" అన్నారు మెల్లిగా. "కాయ లోపల ఎలా ఉందో వేలితో చెప్పేవాణ్ణండి. మనిషికీ అదే వేలు పెట్టేను. ఈయనకేదైనా అయితే కోడలి మొహం ఎలా చూడనండీ?"

ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. ఇద్దరం అక్కడ ఏడుస్తూ కూర్చుంటే ఈయన లేచి ఏమనుకుంటారు?

"ఇంకా నయమండి అన్నయ్యగారూ" అన్నాను. "వేలే పెట్టేరు. కాయ కొట్టే కత్తి పెట్టేరు కాదు."

ఆయన ముందు తెల్లబోయి, తర్వాత కండువా నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. ఆ నవ్వుకు మా ఆయన లేచి, "ఏంటే, ఇడ్లీ వచ్చిందా?" అన్నారు.

ఎరుపు గీత లోపలికి జరిగింది. మొదట నేను నమ్మలేదు, కంటికి అలవాటై అలా కనపడుతోందేమో అనుకున్నాను. వియ్యంకుడుగారిని పిలిచి చూపించాను. ఆయన నర్సమ్మను పిలిచారు. ఆ పిల్ల వచ్చి, కొత్త గీత గీసింది, పాతదానికి లోపల. తర్వాత ఇంకొకటి. పొలంలో నీరు తీసేకొద్దీ గట్లు బయటపడినట్టు ఆ గీతలు ఒకదాని లోపల ఒకటి. పుండు మీద పొర కట్టింది. నీటి మందులు కూడా పనిచేసి కాళ్ళు దిగాయి. దిగితే ఎలా ఉంటాయి? సరుకు దించిన గోనెసంచుల్లా, ముడతలు పడి, పొట్టు రాలుతూ. వంకాయ నిగారింపంతా పోయింది. మా ఆయన చూసుకుని దిగులు పడ్డారు.

డాక్టరుగారు కాకినాడ ప్రయాణానికి ఒప్పుకున్నారు. కారులో ముందు సీట్లో వియ్యంకుడుగారు, వెనక మేమిద్దరం, మా కాళ్ళ దగ్గర గుడ్డ చుట్టల మూట. దారి పొడుగునా గతుకొచ్చినప్పుడల్లా ఆయన వెనక్కి తిరిగి, "కాలు, కాలు" అన్నారు. డ్రైవరు ఎవరి కాలో తెలియక తన కాలు బ్రేకు మీద పెట్టుకునే ఉన్నాడు.

అక్కడి పెద్ద డాక్టరుగారు కాగితాలన్నీ చూశారు. గుండె చప్పుడు విన్నారు. తర్వాత పంచె కాస్త పైకి జరిపి, కుడికాలు ముందువైపుకు బొటనవేలు తెచ్చారు.

"ఆగండి!"

వియ్యంకుడుగారు ఒక్క అంగలో వచ్చి డాక్టరుగారి మణికట్టు పట్టుకున్నారు. గదిలో ఉన్న కుర్ర డాక్టర్లంతా కొయ్యబారిపోయారు. అంత పెద్దాయన చెయ్యి పట్టుకున్నవాళ్ళు అక్కడ లేరు కాబోలు.

"నొక్కకూడదండి. మీరెవరైనా సరేనండి."

డాక్టరుగారు ఆయన వంక, తన చేతి వంక, నా వంక చూశారు. నేనే విప్పి చెప్పాల్సొచ్చింది, ఊరు, గుంట, పొక్కు, గీతలు, అన్నీ. విని ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, నవ్వాపుకోడానికి.

"బాబాయిగారూ, మీ అనుమతితో, ఒక్కసారి. మెల్లిగా."

వియ్యంకుడుగారు నన్ను చూశారు. నేను తలూపాను. ఆయన మణికట్టు వదిలారు. డాక్టరుగారు మానిన చోటు వదిలి పక్కగా వేలు ఆనించి, తీశారు. మేం ముగ్గురం మెడలు చాచి చూశాం. గుంట పడలేదు.

"పడలేదేంటండీ?" అన్నారు మా ఆయన, నిరాశగా.

"పడకపోతేనే నేను మిమ్మల్ని బల్ల ఎక్కించేదండి" అన్నారు డాక్టరుగారు. "చర్మం బాగుంది. పెట్టుకుందాం."

కవాటం మార్చారు. ఇప్పుడు ఇంట్లోనే ఉన్నారు. కొబ్బరిచెట్ల కింద నడుస్తారు, ఆయాసం లేదు. నోరు మళ్ళీ మూతపడింది, "ఊ" దగ్గరికొచ్చింది. వియ్యంకుడుగారు అప్పుడప్పుడు వస్తారు. అరుగు మీద కూర్చుని చేతులు వెనక్కి పెట్టుకుంటారు, అలవాటైపోయింది. మా ఆయన కాలు చాపి, "నొక్కండి బావగారూ, ఇప్పుడేం పడదు" అంటే, "వద్దండి, నమ్మేను" అంటారు.

అమలాపురంనుంచి వచ్చేటప్పుడు నర్సమ్మ నన్ను పక్కకు పిలిచి ఒక మాట చెప్పింది. మళ్ళీ నీరు చేరితే ముందు కాళ్ళకే తెలుస్తుంది, రోజూ పొద్దున్న మీరొక్కరే మెల్లిగా చూడండి, ఊరికి చెప్పకండి అని.

అందుకని పొద్దున్నే కొబ్బరినూనె గిన్నె పట్టుకుని ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంటాను. మోకాళ్ళ కిందే, పల్చగా, వేళ్ళ సందులు వదిలేసి. రాస్తూ రాస్తూ, పుండు మానిన తెల్లమచ్చ పక్కన బొటనవేలు ఒక్క క్షణం ఆపుతాను.

"నొక్కేవా?" అంటారు కళ్ళు తెరవకుండానే.

"నూనె రాసేను" అంటాను.

వేలు తీసి చూస్తాను. చదునుగానే ఉంటుంది. గిన్నెలో మిగిలిన నూనె నా మోచేతులకు రాసుకుని లేస్తాను.